అందరికంటె ముందు వచ్చినది ఎవరు?

"ఈ ఆదివారం మనం రావిర్యాల వెళుతున్నాం" అని క్లాసులో చెప్పగానే మా పిల్లల ముఖాలు వెలిగిపోయినవి. తెలుగు లెక్చరరు మాటకు అంత వెలుగు ఎందుకు వచ్చిందో నాకు మొదట బోధపడలేదు. 2016లో ఆ ఊరి దగ్గర తెరచిన వండర్‌లాకు తీసుకువెళుతున్నానని వాళ్ళ భ్రమ! "కాదర్రా, వీధిబడి చూడడానికి" అన్నాను. దీపాలన్నీ ఒక్కసారిగా ఆరిపోయినవి.

ఈ ఉద్యోగంలో ఇటువంటివి కొత్త కావు గనుక నేను నొచ్చుకోలేదు. ఇరవైనలుగురినీ బస్సు ఎక్కించాను.

అమెరికాలో ఒంటిగది బడులను కొన్నింటిని పదిలంగా నిలుపుకొని, నేటి పిల్లలకు ఆనాటి దుస్తులు తొడిగి, ఒక పూట ఆనాటి చదువు చదివిస్తారు. మన వీధిబడిని అలా నిలుపుకొందామంటే అసలు గది అంటూ ఉండాలి గదా! ఏ ఇంటి అరుగో, ఏ గుడి మంటపమో, ఏ చెట్టు నీడో - పంతులు ఎక్కడ చతికిలబడితే అదే బడి. నిజాం రాజ్యంలో దొరతనంవారి బడి ఉర్దూలో నడుస్తూ వుంటే, చాలా ఊళ్ళలో తెలుగు అక్షరం ఇటువంటి ఖానగీ బడుల అరుగుల మీదనే బతికింది. జనం నోట అది "కానిగి బడి" అయింది. రావిర్యాలలో తన నాయనమ్మ ఇంటి అరుగు మీద ఒకప్పుడు అటువంటి బడి నడిచిందని మా విద్యార్థి ఒకడు చెప్పగా విని, ఒక్కపూట దాన్ని మళ్ళీ నడిపించాలని నాకు బుద్ధి పుట్టింది.

బడి అన్నాక నియమాలు కావాలి. అందుకు నాకు బళ్ళారి కలెక్టరు కాంప్‌బెల్ దొర సాయపడ్డాడు. 1822లో మద్రాసు గవర్నరు మన్రో, మీ మీ జిల్లాలలో బడులెన్ని, చదివేవారెందరు అని కలెక్టర్లందరినీ అడిగాడు. 1823లో కాంప్‌బెల్ పంపిన జవాబులో ఆనాటి బడి కళ్ళకు కట్టినట్టు వుంటుంది. పొద్దున అందరికంటె ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో "సరస్వతి" అని వ్రాస్తారు. రెండోవాడి చేతిలో సున్న - మెప్పూ లేదు, తప్పూ లేదు. మూడోవాడికి ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తరువాత ఎంత ఆలస్యమైతే అన్ని. బద్ధకస్తులకు గుంజీళ్ళు, మరీ మొండివాళ్ళకు కోదండం. ఓనమాలు దిద్దడం ఇసుకలో. ముందు నేర్చినవాడు వెనకవాడికి చెప్పడం. ఈ చివరి రెండూ చిన్న విషయాలనుకునేరు! మద్రాసు ఎగ్మూరులో బడి నడిపిన ఆండ్రూ బెల్ అనే ఆయన మన పిల్లలు ఇసుకలో వ్రాయడం చూచి ముచ్చటపడి, ఆ పద్ధతిని 1797లో ఇంగ్లండులో పుస్తకంగా అచ్చువేశాడు. "మద్రాసు పద్ధతి" అన్న పేరుతో అక్కడ బీదపిల్లల బడులెన్నో నడిచినవి.

ఈ సంగతులన్నీ బస్సులో చెప్పాను. ఊళ్ళో దిగీ దిగగానే ఒక కుర్రవాడు పరుగెత్తి ముందుగా అరుగెక్కాడు. వాడి చేతిలో పెన్నుతో "సరస్వతి" అని వ్రాశాను. లెక్కప్రకారం ఇరవైనాలుగో విద్యార్థికి ఇరవైరెండు దెబ్బలు పడాలి. ఆ పుణ్యాత్ముడు తన లెక్క తానే కట్టి, చేతులు వెనక్కు దాచుకున్నాడు. అరుగంతా నవ్వులే.

ఇంతలో ఒక అమ్మాయి లేచి, "సార్, ఆ రోజుల్లో అయితే నేనెక్కడ కూర్చునేదాన్ని?" అని అడిగింది.

ఆ లెక్కా కాంప్‌బెల్ వ్రాశాడు. బళ్ళారి జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు. అందులో ఆడపిల్లలు 60 మంది. అంటే నూటపదిమందికి ఒక్కరు. మా ఇరవైనలుగురిలో పదముగ్గురు ఆడపిల్లలే. ఆ లెక్కన ఒక్కరికీ చోటు లేదు. నవ్వులు ఆగిపోయినవి. పాతకాలాన్ని పిల్లలకు ముచ్చటగా చూపించాలని వచ్చినవాణ్ణి, ఏం చెప్పాలో తోచక నిలబడ్డాను.

గడపలో కూర్చుని వింటున్న మా విద్యార్థి నాయనమ్మ అప్పుడు నోరు విప్పింది. ఎనభై అయిదు దాటిన మనిషి.

"ఈడ మా అన్న సదివిండు బిడ్డా. నేను కోడి కూయంగనే లేసి అరుగు ఊడ్సి, అలికి, ముగ్గేసేదాన్ని. పంతులు వచ్చెటాళ్లకు లోపటికి పోవాలె. తలుపు సందున కూసోని ఇంటుంటి."

"ఏమన్నా గుర్తున్నదా, అవ్వా?"

ఆమె పదహారో ఎక్కం అందుకుంది. తడుముకోకుండా, పదహారు పదహార్లు రెండువందల యాభై ఆరు దాకా. ఫోనులో తప్ప కూడిక కూడా వేయని మా పిల్లలు నోళ్ళు తెరిచారు. పింఛను కాగితం మీద మాత్రం ఆమెది ఇప్పటికీ వేలిముద్రే.

"నేనన్న ఇంట్ల కూసోని ఇంటి. కొందరి పోరగాండ్లయితే అగో, ఆ గోడ అవుతల నిలవడి ఇనేటోళ్లు. అరుగెక్కనియ్యకపోదురు" అన్నది.

గోడ అవతలి పిల్లలకోసం భాగ్యరెడ్డి వర్మ 1910లోనే హైదరాబాదులో బడి తెరిచాడు. తలుపు సందులోని ఆడపిల్లలకోసం మాడపాటి హనుమంతరావుగారు అదే నగరంలో 1928లో తెలుగు బడి పెట్టించారు. ఇవన్నీ నేను ఏటేటా పాఠం చెప్పే సంగతులే. ఆ బడులు చేరని అరుగు ముందు నిలబడి చెప్పడం మాత్రం అదే మొదలు.

నా మాట ముగియకముందే ఆ ముందొచ్చిన కుర్రవాడు లేచాడు. "సార్, ముందు వచ్చింది నేను కాదు" అని తన చేతిలోని అక్షరాలు తుడిచేసుకుని, నా పెన్ను తీసుకుని వెళ్ళి అవ్వ అరచేతిలో "సరస్వతి" అని వ్రాశాడు.

ఆమె చేయి కళ్ళ దగ్గరకు తెచ్చుకుని చూసుకుంది. "ఏం రాసినవ్ బిడ్డా?"

"సరస్వతి అని, అవ్వా."

"అది నా పేరు గాదు గద! నా పేరు రాయి."

ప్రశ్న వేసిన అమ్మాయే మేము తీసుకువెళ్ళిన ఇసుక పళ్ళెంలో పోసి, ఆమె పేరు మూడక్షరాలు వ్రాసింది. ముసలివేలు పట్టుకుని దిద్దించింది. చెరిపింది, మళ్ళీ దిద్దించింది. బస్సు డ్రైవరు రెండుసార్లు హారను కొట్టాడు. మా పిల్లలలో ఒక్కడూ కదలలేదు. నాలుగోసారి అమ్మాయి చేయి తీసేసింది. మూడక్షరాలూ వంకరగా పడ్డాయి గాని, పడ్డాయి.

బళ్ళారి లెక్క ప్రకారం ఆలస్యంగా వచ్చిన పిల్లవాడికి ఎన్ని దెబ్బలో తెలుసు. ఇంత ఆలస్యంగా వచ్చిన బడికి ఎన్ని వేయాలో మాత్రం కాంప్‌బెల్ దొర వ్రాయలేదు.