దమ్ము సరే, దూరం సంగతేంటి?

ఆఫ్రికాలో కూడూ, వైల్డబీస్ట్, స్ప్రింగ్‌బక్ లాంటి వాటిని వేటగాళ్లు 'ప్లెయిన్స్ గేమ్' అంటారు. వీటి వేటకి పెద్ద తూటా లీవర్ యాక్షన్ రైఫిల్ పనికొస్తుందా అని ఎవరడిగినా, వాదన రెండు నిమిషాల్లో పవర్ మీదకి వెళ్లిపోతుంది. నా దృష్టిలో అది అడగాల్సిన ప్రశ్నే కాదు.

లీవర్ యాక్షన్ అంటే కౌబాయ్ తుపాకీయే. ట్రిగ్గర్ చుట్టూ ఉన్న కడ్డీని కిందకి తోసి పైకి లాగితే పాత గుండు తొడుగు బయటపడి కొత్త గుండు ఎక్కుతుంది. ఆ చప్పుడు కోసమే సగం మంది కొంటారేమో అని నా అనుమానం! ఇందులో బాగా పేరున్న తూటా .45-70. 1873లో అమెరికా సైన్యం కోసం పుట్టింది. అప్పటి గుండు 405 గ్రెయిన్లు, అంటే దాదాపు 26 గ్రాముల సీసం. ఇవాళ్టి రైఫిళ్లలో, ఇవాళ్టి మందుతో అది ఇంకా గట్టిగా కొడుతుంది. 'పేదవాడి బఫెలో' అని పేరుపడ్డ మొండి ప్రాణి బ్లూ వైల్డబీస్ట్‌ని కూడా దగ్గర్నుంచి పడగొట్టగలదు. కాబట్టి పవర్ గొడవ ఇక్కడితో క్లోజ్.

అసలు సమస్య ట్యూబ్‌లో ఉంది. ఈ రైఫిళ్లలో చాలావాటికి గుళ్లు బ్యారెల్ కింద గొట్టంలో వరసగా ఉంటాయి, ఒకదాని ముక్కు ముందున్నదాని వెనక భాగానికి ఆనుకుని. ముక్కు సూదిగా ఉంటే ఒక్క కుదుపుకి ముందున్న గుండు పేలొచ్చు. అందుకే ముక్కు చదునుగా చేశారు. చదును ముక్కుకి గాలి ఊరుకోదు, వేగాన్ని తినేస్తుంది. మెత్తటి ప్లాస్టిక్ మొనతో సూది గుళ్లు కూడా వచ్చాయి. వాటితో కాస్త నయం, అంతే.

ఇప్పుడు ఇంటర్‌లో బట్టీపట్టిన హాఫ్ జీటీ స్క్వేర్ బయటికి తీయండి. సెకనుకి 1800 అడుగుల వేగంతో బయల్దేరిన బరువు గుండుకి 200 గజాలు దాటడానికి సుమారు 0.4 సెకన్లు పడుతుంది. ఈలోపు రెండున్నర అడుగులు కిందకి జారుతుంది. మామూలు .30-06 బోల్ట్ రైఫిల్ గుండు అదే దూరం 0.22 సెకన్లలో వెళ్తుంది, ముప్పావు అడుగు జారుతుంది. జారడం తప్పు కాదు, లెక్కేసి పైకి గురిపెట్టొచ్చు. కానీ 225 గజాల్లో ఉన్న జంతువుని 200 అనుకుంటే? బోల్ట్ రైఫిల్‌తో గురి ఒకటిన్నర అంగుళం తప్పుతుంది. దీనితో ఐదారు అంగుళాలు. నలభై కిలోలు కూడా తూగని స్ప్రింగ్‌బక్‌కి ఐదారు అంగుళాలు కిందంటే గుండె కాదు, కాలు విరుగుతుంది.

లేజర్ రేంజ్‌ఫైండర్ ఉందిగా అంటారు. ఉంది. దూరం చెప్తుంది. పక్కగాలి ఎంత తోస్తుందో, ఆ 0.4 సెకన్లలో జంతువు ఒక అడుగు ముందుకేస్తుందో లేదో చెప్పదు.

అందుకే నా లెక్కలో ఇది నేలని బట్టి తేలాల్సిన విషయం. దక్షిణాఫ్రికా లింపోపోలోని ముళ్లపొదల్లో కూడూ కోసం నక్కి నక్కి నడిచేవాడికి 80 గజాలే దూరం. అక్కడ లీవర్ గన్ మహారాజు. నమీబియా బయలు నేలల్లో గెమ్స్‌బాక్ వెనకపడేవాడికి అదే తుపాకీ బరువు.

పాత మోజు ఉన్నవాళ్లు వెంటనే థియోడర్ రూజ్‌వెల్ట్ పేరెత్తుతారు. 1909లో ఆయన ఆఫ్రికాకి వించెస్టర్ 1895 లీవర్ రైఫిల్ పట్టుకెళ్లిన మాట నిజం. కానీ దాన్ని డిజైన్ చేసిన జాన్ బ్రౌనింగ్ గొట్టం తీసేసి కింద పెట్టె మ్యాగజైన్ పెట్టాడు, సూది గుళ్లు కూడా వాడుకోవచ్చు. పైగా రూజ్‌వెల్ట్ సామానులో స్ప్రింగ్‌ఫీల్డ్ బోల్ట్ రైఫిల్ ఉంది, ఇంగ్లిష్ డబుల్ రైఫిల్ కూడా ఉంది. ఈ రెండో సగం ఎవరూ చెప్పరు.

వేటే వద్దనేవాళ్లు ఉంటారు. కెన్యా 1977లోనే ఆపేసింది, మన దగ్గర 1972 చట్టం ఉంది. నమీబియాలో మాత్రం 1996 చట్టం తర్వాత వేట డబ్బులో కొంత ఊరి కన్జర్వెన్సీలకి వెళ్తోంది. అది వేరే వ్యాసం. వేట చట్టబద్ధమైన చోట కూడా గాయపడి పొదల్లోకి పారిపోయిన జంతువు బాధ మాత్రం మారదు. దక్షిణాఫ్రికాలో సాధారణంగా రక్తం చుక్క కనిపిస్తే చాలు, జంతువు దొరకకపోయినా పూర్తి ఫీజు కట్టాల్సిందే. నాకు ఈ పద్ధతి బాగా నచ్చింది, కానీ అది జేబుకే తగులుతుంది.

ఈ రైఫిల్‌తోనే వెళ్తానని పట్టుబట్టేవాళ్లు అక్కడ వాడే మూడు కాళ్ల కర్రల మీదే ముందు 50, 100, 150 గజాల్లో కాల్చి చూసుకోవాలి. ఎక్కడిదాకా ప్రతి గుండూ అరచేతి వెడల్పులో పడుతుందో అదే హద్దు. దిగిన మొదటి రోజే ఆ అంకె గైడ్‌కి చెప్పేయాలి. హద్దుకి ముప్పై గజాల అవతల జీవితంలో చూడనంత కొమ్ముల కూడూ నిలబడితే, తుపాకీ దించి చూస్తూ ఉండాలి.