కాక్లియర్ ఇంప్లాంటు: కోత చిన్నదైతే చాలా?

"చిన్న కోతతో కాక్లియర్ ఇంప్లాంటు, పుట్టు చెవిటి బాలుడికి వినికిడి" లాంటి వార్తలు జిల్లా ఎడిషన్లలో అప్పుడప్పుడూ చూస్తూనే ఉంటాం. పక్కన డాక్టర్ల గ్రూప్ ఫోటో కూడా ఉంటుంది. వార్త అబద్ధమని నేననను. సగమే చెబుతుందని నా గొడవ.

ముందు ఆ చిన్న కోత సంగతి. మొదట్లో జుట్టు బాగా గొరిగేసి, చెవి వెనక చర్మాన్ని పెద్ద అర్ధచంద్రంలా కోసేవారు. అంత పెద్ద పొరకి రక్తం సరిగా అందక చీము పట్టడం, చర్మం చచ్చిపోయి లోపలి పరికరం బయటపడటం జరిగేవి. ఇప్పుడు మూడు నాలుగు సెంటీమీటర్లతో పనైపోతోంది. గ్రీసులోని వెరియా అనే ఊరి పేరుతో ఇంకో పద్ధతుంది. అందులో చెవి వెనక ఎముకని పెద్దగా తొలచకుండా చెవి గొట్టం వైపు నుంచి దారి చేస్తారు. మన దేశంలో చాలామంది సర్జన్లు దీన్ని వాడారు. గాయం త్వరగా మానుతుంది, కాదనను. ముఖానికి వెళ్ళే నరం దెబ్బతిని మూతి శాశ్వతంగా వంకరపోవడం నూటికి ఒకటి కన్నా తక్కువే. మెనింజైటిస్ భయం కొంత ఉంది కాబట్టి న్యూమోకాకల్ టీకా ముందే వేయించాలి.

అయితే కోత చిన్నదైనంత మాత్రాన పిల్లాడికి ఎక్కువ వినబడదండీ. అది ప్రధానంగా ఆపరేషన్ ఏ వయసులో జరిగింది, ఆ తర్వాత ఏం జరిగింది అన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఆపరేషన్ రోజున పిల్లాడికి ఏమీ వినబడదు. కొన్ని వారాలాగి, బయట తగిలించే ప్రాసెసర్ ఆన్ చేస్తారు. తర్వాత మ్యాపింగ్, అంటే ఒక్కో ఎలక్ట్రోడుకి ఎంత కరెంటు పంపాలో సరిచూసుకోవడం. మా భాషలో కాన్ఫిగరేషన్ అన్నమాట. ఇది ఒక్కసారితో అయ్యేది కాదు. ఆపైన మాట నేర్పే థెరపీ ఏళ్ళ తరబడి ఉంటుంది. సర్వర్ ఇన్‌స్టాల్ చేసి, ఫోటో దిగి, సపోర్ట్ లేదు పొమ్మంటే ఏ క్లయింటైనా ఊరుకుంటాడా?

2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. కాక్లియర్ ఇంప్లాంటుకి థెరపీతో కలిపి ఆరున్నర లక్షల దాకా ఇచ్చిన పథకమది. చాలా గొప్ప విషయం, అది లేకపోతే కూలి చేసుకునేవాళ్ళు దాని పేరు కూడా ఎత్తలేరు. కానీ ఇచ్ఛాపురం నుంచి విశాఖ రెండొందల కిలోమీటర్ల పైమాటే. వారం వారం థెరపీ అంటే ఆ రోజు కూలి పోయె, బస్సు చార్జీలు పోయె. పైగా మనవైపు వలసలు. అమ్మానాన్నలు హైదరాబాదుకో చెన్నైకో పోతే పిల్లాడు అవ్వ దగ్గర. రోజంతా పిల్లాడితో మాట్లాడుతూ ఉండటమే అసలు థెరపీ. పాపం, ఆ ముసలావిడ సైగలతోనే సరిపెట్టేస్తుంది.

"ఆపరేసనైపోనాది గదా బాబూ, మా గుంటడింకా మాటాడ్డం లేదేటి?" అని విజయనగరం వైపు ఒకావిడ నన్నడిగింది. ఆవిడ తప్పేం లేదు. ఆపరేషనైతే మాటొచ్చేస్తుందనే కదా అందరూ చెప్పింది.

ఇక మెషిన్ సంగతి. సముద్రపు గాలిలో తేమ, పైన చెమట. ప్రాసెసర్‌ని రోజూ రాత్రి తేమ పీల్చే డబ్బాలో పెట్టాలి. తలకి అతుక్కునే కాయిల్ వైరు తెగుతూ ఉంటుంది, అది వేలల్లో. వారంటీ అయ్యాక ప్రాసెసరే పోతే లక్షల్లో. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. ఛార్జింగ్ బ్యాటరీల మీద వినే పిల్లాడికి అన్ని రోజులూ నిశ్శబ్దమే మరి. ఇవేవీ వైద్యపుస్తకాల్లో కాంప్లికేషన్ల కింద రావు. నన్నడిగితే మన జిల్లాల్లో అసలు కాంప్లికేషన్లు ఇవే.

ఇంకో మాట. ఇంప్లాంటు పెట్టాం కదా అని కొంతమంది సైగలు పూర్తిగా మాన్పించేస్తారు. తర్వాత మెషిన్ మూలపడితే ఆ పిల్లాడికి మాటా లేదు, సైగా లేదు. ఇంతకన్నా అన్యాయం ఉందా? సైగల భాష కూడా నేర్పితే కొంపలేం మునగవని నా అభిప్రాయం. మేనరికాల గొడవ మరో టపాలో.

ఎన్ని ఆపరేషన్లు చేశామన్న లెక్క ఎవరైనా చెబుతారు. మూడేళ్ళ తర్వాత ఎంతమంది ఇంకా మెషిన్ పెట్టుకుంటున్నారు, ఎంతమంది మామూలు బడికి పోతున్నారు, ఆ లెక్క బయట పెట్టాలి. శ్రీకాకుళం, విజయనగరం పెద్దాసుపత్రుల్లో నెలకోసారైనా మ్యాపింగ్ జరగాలి. ఇంటర్నెట్ ద్వారా మ్యాపింగ్‌కి అమెరికాలో 2017లోనే అనుమతిచ్చారు, కాబట్టి టెక్నాలజీ లేదనే సాకు చెల్లదు.

మీకు తెలిసినవాళ్ళెవరైనా ఈ ఆపరేషన్‌కి సిద్ధమవుతుంటే, కోత ఎంత అని కాకుండా, మ్యాపింగ్ ఎక్కడ, థెరపీ ఎన్నాళ్ళు, వైరు తెగితే ఎవరిస్తారు అని సంతకం పెట్టకముందే అడగమనండి.