మ్యూరేట్ ఆఫ్ పొటాష్ సిఫారసుకు ముందు నీటి పరీక్ష

పొటాష్ ఎరువులలో అత్యధికంగా వాడుకలో ఉన్నది మ్యూరేట్ ఆఫ్ పొటాష్. రసాయనికంగా ఇది పొటాషియం క్లోరైడ్ అనే లోహ హాలైడు. 50 కిలోల బస్తాలో కె2ఓ రూపంలో 30 కిలోల పొటాష్‌తో పాటు దాదాపు 22.5 కిలోల క్లోరైడ్ ఉంటుంది. ఎరువుల సిఫారసులు మొదటి అంకెనే లెక్కిస్తాయి, రెండవదాన్ని విస్మరిస్తాయి.

క్లోరిన్ పైరుకు శత్రువు కాదు. అది ఆవశ్యక సూక్ష్మపోషకమని 1954లోనే నిరూపితమైంది. హాని కలిగించేది దాని మోతాదే. చీనీ వంటి నిమ్మజాతి చెట్లలో క్లోరైడ్ అధికమైతే ఆకు కొనలు మాడి, ఆకులు రాలుతాయి. అందుచేత మ్యూరేట్ మాని సల్ఫేట్ ఆఫ్ పొటాష్ వేయమనే సలహా తరచుగా వినవస్తుంది.

ఈ సలహా అర్ధసత్యం మాత్రమే. పులివెందుల ప్రాంతపు చీనీ, అరటి తోటలు ప్రధానంగా బోరు నీటిపై ఆధారపడినవి. ఉదాహరణకు, లీటరుకు 355 మి.గ్రా. క్లోరైడ్ గల నీటిని ఎకరానికి 10 లక్షల లీటర్లు పారిస్తే 355 కిలోల క్లోరైడ్ నేలకు చేరుతుంది. ఇది సుమారు 16 బస్తాల మ్యూరేట్‌లో ఉన్నంత. అటువంటి చోట సల్ఫేట్ రూపం వాడటం సబబే; కాని ఎరువు మార్చినంత మాత్రాన తోట కోలుకోదు, రైతుకు ఖర్చు మాత్రం పెరుగుతుంది. క్లోరైడ్‌ను కొంతవరకు అడ్డుకొనే రంగపూర్ నిమ్మ వేరుమూలం, వర్షాకాలంలో లవణాలు వేళ్ల కిందికి దిగిపోయే ఏర్పాటు కూడా అవసరం. నీరు మంచిదైన చోట విడతలుగా వేసే మ్యూరేట్‌కు భయపడనక్కరలేదు.

ప్రొద్దుటూరు పరిసరాలలో కె.సి. కాలువ కింది వరిలో మురుగు పారుదల బాగుంటే క్లోరైడ్ నీటితో కొట్టుకుపోతుంది. అక్కడ మ్యూరేటే చౌకైన మార్గం. జమ్మలమడుగు నల్లరేగడిలో వర్షాధారపు శనగకు ప్రశ్న వేరు. ఆ నేలల్లో సహజంగానే పొటాష్ సమృద్ధిగా ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి అసలు పొటాష్ అవసరమా అన్నది ముందు తేల్చాలి.

2015లో ప్రారంభమైన భూసార ఆరోగ్య పత్రంలోని 12 అంశాలలో విద్యుత్ వాహకత ఉంది. క్లోరైడ్ లేదు, సాగునీటి ప్రస్తావనా లేదు. సిల్వర్ నైట్రేట్ అంశమాపనం వ్యవసాయ విద్యార్థికి తెలిసిన సులభమైన పరీక్ష. పొటాష్ రూపాన్ని నిర్ణయించే ముందు బోరు నీటికి ఆ పరీక్ష జరిపించడం విస్తరణ శాస్త్రవేత్తల బాధ్యత కావాలి. నీటిని చూడకుండా ఇచ్చే పొటాష్ సిఫారసు సగం సిఫారసే.