స్పీడు పెంచాడు సరే, మరి బ్రేకులో?

"మావాడు ఎలక్ట్రిక్ స్కూటర్ విప్పేసి, కంట్రోలర్‌కి ల్యాప్‌టాప్ తగిలించి స్పీడు పెంచేశాడక్కా!" అని పక్కింటావిడ ఒకటే మురిపెం. పిల్లాడికి పదిహేనేళ్లు.

మోటారు 250 వాట్లలోపు, వేగం గంటకు 25 కిలోమీటర్లలోపు కాబట్టేగా ఆ బండికి లైసెన్సు అక్కర్లేదన్నారు! 50కి పెంచాక అది మోటారు వాహనమే. 2019 చట్ట సవరణ ప్రకారం, మైనరు నడిపి నేరం చేస్తే పెద్దవాళ్లకి మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా. ఇంత మురిసిపోయాక "మాకు తెలీదండీ" అని ఎలా అంటాం?

పోలీసుల సంగతి అటుంచండి. వేగం రెట్టింపైతే, బ్రేకు పట్టాక బండి ఆగే దూరం సుమారు నాలుగింతలు. వాడు మార్చింది ప్రోగ్రామే, బ్రేకులు ఆ పాతవే.

విప్పి నేర్చుకోనివ్వండి, ఎవరొద్దన్నారు! రోడ్డెక్కేముందు మాత్రం పాత స్పీడు పెట్టించండి, మీరే దగ్గరుండి. నాన్నలకి వదిలేస్తే ముందు వాళ్లే ఓ రౌండ్ కొట్టొస్తారు.