గడియ తీయమన్నది నేనే

మా కళాశాలలో నాకొక పేరున్నది: "కంప్యూటరు తెలిసిన తెలుగు మాస్టారు" అని. తెలుగు ఎంత తెలుసునో ఎవరూ అడగరు గాని, కంప్యూటరు సంగతి మాత్రం రోజుకు ఇద్దరైనా అడుగుతారు. ఆ పేరు చూసుకుని మురిసి నేను చేసిన పని ఒకటి ఇవాళ చెప్పుకోవాలి.

2019లో ఇంటర్నల్ పరీక్షల మార్కుల కోసం ఎక్సెల్‌లో ఒక పట్టిక తయారు చేశాను. ఒక్క మీట నొక్కితే మార్కులన్నీ కూడుకుని, తప్పినవారి పేర్లు ఎర్రబడి, సెక్షన్లవారీగా విడిపోయేవి. ఈ పని చేసిపెట్టేది మాక్రో. తెలియనివారి కోసం ఒక్క మాట. గడిలో రాసే ఫార్ములా తన గడిలో కూర్చుని లెక్క కడుతుంది, అంతే. మాక్రో అలా కాదు. అది పనిమనిషికి రాసిచ్చిన చీటీ లాంటిది. మార్కులు కూడమని రాస్తే కూడుతుంది. బీరువాలోవన్నీ పారబొయ్యమని రాస్తే పారబోస్తుంది. "ఈ చీటీ ఎవరు రాశారు?" అని అడగవలసింది మనమే. అందుకే అలాంటి ఫైలు తెరవగానే ఎక్సెల్ పైన ఒక పసుపుపచ్చ పట్టీ చూపించి, "నడపమంటారా?" అని మన అనుమతి కోరుతుంది.

పట్టికను తోటి లెక్చరర్లందరికీ పంపాను. మర్నాటినుంచి ఒకటే ఫోన్లు. "మీ మీట నొక్కితే ఏమీ కావడం లేదండీ!" ఆ పట్టీని చూసి బెదిరి కొందరు, అసలు చూడక కొందరు. ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక లేక స్టాఫురూములో అందరికీ ఒకే మంత్రం ఉపదేశించాను. "ఫైల్, ఆప్షన్స్, ట్రస్ట్ సెంటర్, మాక్రో సెట్టింగ్స్. అక్కడ 'ఎనేబుల్ ఆల్ మాక్రోస్' అని ఉంటుంది. అది ఎంచుకోండి. ఇక నోరెత్తదు." ఆ మాట పక్కనే, ఇలా చేయడం మంచిది కాదు, ప్రమాదం అని రాసే ఉన్నది. చదివాను. చదవనట్టే ఊరుకున్నాను.

మా లెక్కల మాస్టారికి అప్పటికి రిటైర్మెంటు ఏడాదిలో ఉంది. "నాకు ఆ మెట్లన్నీ దిగడం రాదోయ్, నువ్వే చేసిపెట్టు" అంటే, ఆయన లాప్‌టాప్‌లో నా చేత్తోనే ఆ గడియ తీశాను.

నాలుగు నెలల తరువాత ఆయనకు బకాయి జీతం లెక్కలంటూ ఒక ఈమెయిలు వచ్చింది. జతచేసిన ఫైలు తెరిచారు. దిద్దుకోవడానికి అనుమతిస్తారా అని మొదటి ప్రశ్న వచ్చింది. సరేనన్నారు. మాక్రో గురించి రావలసిన రెండో ప్రశ్న రానేలేదు. దాని నోరు నేను ముందే కట్టేశాను గదా! సాయంత్రానికి ఆయన ఫైళ్ళన్నిటికీ వింత తోకలు మొలిచాయి, ఒక్కటీ తెరుచుకోదు. డబ్బు కడితే విడిపిస్తామని తెరమీద ఒక తాఖీదు. తొమ్మిదేళ్ళుగా ఆయన టైపు చేసుకుంటున్న బీజగణితం పుస్తకం అందులోనే ఉంది. పాత పెన్‌డ్రైవులో సగం దొరికింది. మిగతా సగం పోయింది.

బాగుచేయమని నా దగ్గరికే తెచ్చారు. చూడగానే నాకు అర్థమయింది. నిజం చెప్పడానికి మాత్రం పది రోజులు పట్టింది. చెప్పాను. ఆయన కాసేపు కిటికీలోంచి బయటికి చూసి, "మరి మిగతావాళ్ళ తలుపులు వేయించావుటోయ్?" అన్నారు.

వేయించలేదు. ఆ మాట నాకు తట్టనేలేదు. ఆ వారమంతా ఇల్లిల్లూ తిరిగి పదకొండు కంప్యూటర్లకు మళ్ళీ గడియ పెట్టి వచ్చాను.

ఈ మోసం కొత్తదేమీ కాదు. 1999 మార్చిలో "మెలిస్సా" అనే మాక్రో వైరస్ ఒక వర్డ్ ఫైలులో దూరి, తెరిచినవారి చిరునామాల పుస్తకంలోని మొదటి 50 మందికి తనను తానే పోస్టు చేసుకున్నది. 2022 నుంచి మైక్రోసాఫ్ట్ మరింత బిగించింది. ఇంటర్నెట్టు నుంచి వచ్చిన ఫైలులోని మాక్రోను మామూలుగా ఆపేసి ఎర్రపట్టీ చూపిస్తారు. ఆ పట్టీమీద ఒప్పుకునే మీటే ఉండదు.

అంచేత, పట్టికలు పంపుకునేవారికి నా మనవి. అవతలివారికి లెక్క మాత్రమే కావలసివస్తే మాక్రో పంపకండి. ఫైలును "ఎక్స్ఎల్ఎస్ఎక్స్" రకంగా దాచితే మాక్రో రాలిపోతుంది, అంకెలూ ఫార్ములాలూ మిగులుతాయి. పైగా ఫోనులోని ఎక్సెల్‌లో మాక్రోలు ఎలాగూ నడవవు. పంపక తప్పకపోతే, ముందు ఫోను చేసి ఫలానా ఫైలు పంపుతున్నానని చెప్పండి. అందుకున్నవారు పంపింది మీరేనని తేల్చుకున్నాక, ఆ ఫైలుమీద మౌసు కుడిమీట నొక్కి, ప్రాపర్టీస్‌లో "అన్‌బ్లాక్" దగ్గర టిక్కు పెట్టాలి. ఆ ఒక్క ఫైలుకే సుమా! రోజూ వాడే ఫైళ్ళుంటే వాటికోసం ఒక ఫోల్డరును "ట్రస్టెడ్ లొకేషన్"గా పెట్టుకోవచ్చు. డౌన్‌లోడ్లు వచ్చిపడే ఫోల్డరును మాత్రం అలా చేయవద్దు. ఆఫీసుల్లోవారు మాక్రోకు డిజిటల్ సంతకం చేయించుకుంటే మరీ మంచిది. మాక్రో సెట్టింగ్స్‌లో మాత్రం "డిసేబుల్ విత్ నోటిఫికేషన్" అన్నదానిమీదనే ఉంచండి. అది ఆపుతుంది, ఆపానని చెబుతుంది. మన ఫైలు నడవడం కోసం ఎదుటివారి ఇంటి గడియ శాశ్వతంగా తీయమనడానికి మనకేం హక్కుంది?

లెక్కల మాస్టారు రిటైరయి, పోయిన సగం మళ్ళీ టైపు చేస్తున్నారు. ఒక్కో అధ్యాయం పూర్తికాగానే నాకు పంపుతారు. పంపేముందు తప్పకుండా ఫోను చేస్తారు.

"ఏమోయ్, ఏడో అధ్యాయం వస్తున్నది. నేనే పంపుతున్నాను. మాక్రోలేమీ లేవు, భయపడక తెరుచుకో."