రన్‌వేకు ఉన్న రూలు రైతుకు లేదా?

వరంగల్ దగ్గర మామునూరులో నిజాం కాలం నాటి విమానాశ్రయం దశాబ్దాలుగా మూతపడి ఉంది. దాన్ని తిరిగి తెరిచేందుకు కేంద్ర పౌర విమానయాన శాఖ 2025 ఫిబ్రవరిలో అనుమతినిచ్చింది. ఉన్న భూమికి తోడు మరో 253 ఎకరాలు కావాలన్నారు.

వరంగల్‌కు విమానం రావద్దని మనం అనడం లేదు. డీజీసీఏ లైసెన్సు లేనిదే అక్కడ ప్రయాణికుల విమానం దిగదు. ఆ రూలును అభివృద్ధికి అడ్డమని ఎవరూ అనరు. 2013 భూసేకరణ చట్టమూ రూలే. లెక్కగట్టిన పరిహారానికి మరో నూరు శాతం సొలేషియం కలపాలి. ఆ డబ్బంతా ముట్టాకే భూమిని స్వాధీనం చేసుకోవాలి. ఇది అడిగిన రైతు మాత్రం అభివృద్ధికి శత్రువా?

మిగిలిన పొలాలకు బాటలు మూసుకుపోకూడదు. రైతు సోదరులారా, లెక్క కాగితం మీద చూడనిదే సంతకం పెట్టకండి.