మందుల చీటీ ఒక్కటే చాలదు

ఇంట్లో పెద్దాయనకు డిమెన్షియా అని తేలగానే డాక్టర్లు మందులు రాసిస్తారు. ఆయనతో ఎలా మెలగాలో మాత్రం చాలాచోట్ల ఎవరూ చెప్పరు. అది ఆడవాళ్లకు పుట్టుకతోనే వస్తుందనుకుంటారు కాబోలు!

"ఇందాకే కదా తిన్నారు మామయ్యగారూ" అని కోడలు వాదిస్తే ఆయనకు గుర్తు రాదు సరికదా, చిన్నతనంగా ఉంటుంది. "ఇదిగో, పెడుతున్నా" అని నాలుగు మరమరాలు చేతిలో పెడితే ఆ గొడవ సద్దుమణగొచ్చు. సాయంత్రమైతే కంగారుపడేవాళ్లుంటే చీకటి పడకముందే లైట్లు వేయాలి. ఉన్నట్టుండి తికమక పెరిగితే "జబ్బు ముదిరింది" అని ఊరుకోకూడదు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వల్ల కూడా అలా అవుతుంది, వెంటనే చూపించాలి. ఇవన్నీ నేర్చుకుంటే వచ్చేవే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 'ఐసపోర్ట్' పేరుతో ఇంట్లో చూసుకునేవాళ్ల కోసమే పాఠాలు తయారుచేసింది.

అయితే ఆ పాఠాలు కోడలొక్కతే నేర్చుకుంటే "నీకు తెలుసుగా, నువ్వే చూడు" అని పనంతా ఆవిడ నెత్తినే పెడతారు. కొడుకూ, ఆడపడుచూ, ఇంటర్ చదివే మనవడూ అందరూ నేర్చుకోవాలి. అప్పుడే ఆవిడకు వారంలో ఒక్క రాత్రయినా కంటినిండా నిద్ర.

ఈసారి డాక్టరు దగ్గరికి మీవారినీ వెంటబెట్టుకెళ్లండి. ఆయన నాన్నగారే కదా!